కళింగ బండ మీద న్యాయపాఠం

కళింగపట్నం తీసుకెళ్లిన పిల్లలకు లైట్‌హౌసు చూపిస్తాం, వంశధార సముద్రంలో కలిసే చోటు చూపిస్తాం, దారిలో శాలిహుండం స్తూపాలు చూపిస్తాం. ఆ ఊరి పేరులో ఉన్న కళింగ నేర్పిన న్యాయపాఠం మాత్రం చెప్పడం మరిచిపోతాం.

క్రీ.పూ. 261 ప్రాంతంలో అశోకుడు కళింగను జయించాడు. లక్ష మంది హతులయ్యారనీ, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ ఆయన శాసనమే చెబుతుంది. తర్వాత ధౌళిలో, జౌగడలో కళింగ అధికారుల కోసం విడిగా శాసనాలు చెక్కించాడు. జౌగడ ఇప్పుడు ఒడిశాలో ఉంది గానీ, 1936 దాకా అదీ కళింగపట్నమూ ఒకే గంజాం జిల్లాలో ఉండేవి.

మనుషులందరూ నా బిడ్డలే అంటాడు అందులో రాజు. కారణం లేకుండా ఎవరినీ చెరలో పెట్టవద్దు, హింసించవద్దు అంటాడు. అన్యాయం ఎందుకు జరుగుతుందో కూడా చెప్పాడు: అసూయ, ముక్కోపం, కాఠిన్యం, తొందరపాటు, అభ్యాసం లేకపోవడం, బద్ధకం, అలసట. ఇవన్నీ తీర్పు చెప్పేవారి మనసులోని లోపాలు. శిక్షించే ముందు నిన్ను నువ్వు పరీక్షించుకో అన్నట్టే కదా! అయితే ఆ రాజే మరో శాసనంలో అడవిజనాన్ని తన బలం గుర్తుచేసి హెచ్చరించాడు. అదీ మనం మరవకూడదు.

రెండు వేల ఏళ్ల తర్వాత తెల్లదొరలు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల వంటి తెగల మీద నేరస్థులనే ముద్ర పడింది. పేరు నమోదు, వేలిముద్రలు, పోలీసుల ముందు హాజరు తప్పలేదు. ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటిస్తే ఏ కోర్టులోనూ ప్రశ్నించే వీలు లేదు. ఒక మనిషి ఏం చేశాడు అన్న ప్రశ్న పోయి, ఎవరికి పుట్టాడు అన్నదే మిగిలింది. 1952లో చట్టం రద్దయింది. అనుమానం మాత్రం ఇంకా పోలేదు.

హాస్టల్లో ఒక పిల్ల పెట్టెలో డబ్బులు పోతే, నలుగురి చూపూ ముందుగా ఎవరి మీదకు వెళుతుంది? ఆ చూపు పిల్లకు తెలుస్తుంది. పదేపదే దొంగ అనిపించుకున్న బిడ్డ, తాను మంచిదాన్నన్న నమ్మకమే పోగొట్టుకుంటుంది. తప్పు చేసిన పిల్లను దిద్దవచ్చు. చేయని తప్పుకు తలవంచిన పిల్లను మళ్లీ తలెత్తేలా చేయడం చాలా కష్టం.

అందుకే వార్డెన్లు, టీచర్లు, కులపెద్దలు ఎవరైనా సరే, తీర్పు చెప్పేముందు ఒక్క నిమిషం ఆగుదాం. ఇది నా కోపమా, నా అలసటా, నిజంగా వాళ్ల తప్పా అని అడుగుదాం. కళింగ బండ మనల్ని అడిగేది అంతే.