ముఖ్యమంత్రి చేతిలో ఓడిన గుడియాత్తం మనిషి

వేలూరు జిల్లా గుడియాత్తం పేరు చెప్తే రాజకీయం తెలిసినవాళ్ళకు కామరాజ్ గుర్తొస్తారు. ఊళ్ళోనూ ఆ గొప్పే ఎక్కువ చెప్పుకుంటారు. ఆయన మీద పోటీకి నిలబడ్డ వి.కె. కోదండరామన్ పేరు మాత్రం పాతతరం కమ్యూనిస్టులు ఎత్తితేనే వినిపిస్తుంది. నియోజకవర్గం చరిత్ర రాయాలంటే ఆయన దగ్గర మొదలుపెట్టడమే న్యాయం.

1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక చిత్తూరు, పలమనేరు అటు పోయాయి. ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నా గుడియాత్తం మద్రాసు రాష్ట్రంలోనే మిగిలింది. బడిపిల్లలకు సగంపూట చదువు, మిగతా పూట ఇంటి కులవృత్తి అన్న అప్పటి ముఖ్యమంత్రి రాజాజీ పథకం మీద గొడవ ముదిరి ఆయన దిగిపోయారు. 1954 ఏప్రిల్ 13న కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికాయన శ్రీవిల్లిపుత్తూరు ఎంపీ, శాసనసభలో సీటు లేదు. దానికోసం ఎక్కడో రాష్ట్రం దక్షిణాన ఉన్న విరుదునగర్ మనిషి అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలోని గుడియాత్తం ఉపఎన్నికకు వచ్చారు.

పెరియార్ మద్దతు ఇచ్చారు. అన్నాదురై పార్టీ డీఎంకే కూడా కామరాజ్ వైపే నిలిచింది. ఇక మిగిలిందెవరు? కమ్యూనిస్టు పార్టీ నుంచి కోదండరామన్. ఓడిపోయారు. ఓడక ఏం చేస్తారు!

కథ అక్కడితో ముగియలేదు. 1957లో కామరాజ్ సొంత ప్రాంతంలోని సాత్తూరుకు మారిపోయారు. గుడియాత్తం అప్పట్లో ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. కాంగ్రెస్ నుంచి టి. మణవాళన్, కమ్యూనిస్టు పార్టీ నుంచి కోదండరామన్ గెలిచారు. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి దక్కినవి నాలుగే సీట్లు, అందులో ఇదొకటి. మూడేళ్ళ కింద తనను ఓడించిన ముఖ్యమంత్రికి ఎదురుగా, అదే సభలో ఆయన కూర్చున్నారు.

1962లో సీటు మణవాళన్‌కు, 1967లోనూ 1971లోనూ డీఎంకేకు పోయింది. ఈలోగా 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలింది. కోదండరామన్ మార్క్సిస్టుల వైపు వెళ్ళారు. 1977లో ఎంజీఆర్ పార్టీతో పొత్తు కుదిరి, ఆయన మళ్ళీ గెలిచారు. రెండు గెలుపుల మధ్య ఇరవై ఏళ్ళు! గాలివాటం వల్లే గెలిచారని అనేవాళ్ళున్నారు. పొత్తు లేకుండా గెలుపు కష్టమన్న మాట నిజమే. కానీ పొత్తుల్లో ఈ సీటు పదేపదే ఎర్రజెండాకే ఎందుకు వదిలారన్నది చూడాలి.

1980లో, మళ్ళీ 1989లో అదే పార్టీకి చెందిన కె.ఆర్. సుందరం గెలిచారు, మొదటిసారి ఎంజీఆర్ కూటమిలో, రెండోసారి డీఎంకే కూటమిలో. 2006లో జి. లత. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2011 ఎన్నికల నాటికి సీటు షెడ్యూల్డ్ కులాలకు రిజర్వయింది. ఆ ఏడు గెలిచిన కె. లింగముత్తుది మార్క్సిస్టు పార్టీ కాదు, 1954లో కోదండరామన్ నిలబడ్డ పాత సీపీఐ.