నల్లమల మీద ఆఖరి పద్నాలుగు సెకన్లు

2024 మార్చి 18న కొరిశపాడు దగ్గర హైవే మీద వాయుసేన విమానాలు దిగిన వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఏఎన్-32, డోర్నియర్ దిగి మళ్లీ లేచిపోయాయి. సుఖోయ్‌లైతే కిందికంటా వచ్చి, రోడ్డు తాకకుండానే పైకెళ్లాయి. దిగడమంటే నిమిషానికి ఇన్ని అడుగులని ఒక లెక్క. దాన్ని చూపించే మీటరు పైలట్ ఎదురుగానే ఉంటుంది. వంద నాట్ల వేగంతో దిగే చిన్న విమానం నిమిషానికి సుమారు 500 అడుగులు దిగుతుంది. అంటే 14 సెకన్లలో 117 అడుగులు. రెండు తాటిచెట్ల ఎత్తు, అంతే.

ఈ 14 ఎందుకు పట్టుకున్నానంటే, 2009 సెప్టెంబర్ 2న మన పక్కనే, చెంచుల అడవి నల్లమలలో ఆ లెక్క తప్పింది.

ఆ ఉదయం 8.38కి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బెల్ 430 హెలికాప్టర్‌లో బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరారు. రచ్చబండ కార్యక్రమం. దారిలో క్యుములోనింబస్ మేఘాలు. ఉరుములు, కుండపోత వాన తెచ్చే మేఘాలివి. వాన పడేటప్పుడు తనతోపాటు చల్లగాలిని కిందికి ఈడ్చుకొస్తుంది. ఆ గాలిలో చిక్కితే హెలికాప్టర్ పరిస్థితి వరదలో పుట్టి లాంటిదే. తెడ్డు ఎంత వేసినా ఏరు లాక్కుపోతుంది.

తర్వాత ఆర్.కె. త్యాగి కమిటీ విచారించింది. బలంగా కిందికి వీచే గాలిలో చిక్కి, అదుపు తప్పి, చాలా వేగంగా ఎత్తు కోల్పోయి కొండను కొట్టుకుందని తేల్చింది. చివరి 14 సెకన్లలో కో-పైలట్ 'గో అరౌండ్' అని మళ్లీ మళ్లీ అరిచారు. అంతకుముందు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వస్తే, ఏం చేయాలో పుస్తకంలో వెతుకుతూ ఆరు నిమిషాలకు పైగా గడిపారు. నన్నడిగితే 14 సెకన్ల కన్నా ఆ ఆరు నిమిషాలే ఎక్కువ బాధపెడతాయి. వెనక్కి తిప్పడానికి అప్పుడు టైముంది.

ఐదుగురూ చనిపోయారు. ఇస్రో ఉపగ్రహం, సుఖోయ్‌లు, వేలమంది పోలీసులు వెతికినా పావురాలగుట్ట మీద శకలాలు కనిపించింది మర్నాడు ఉదయమే. ఆ గుట్టలు మ్యాపులో చూస్తే దగ్గరే. నడిచినవాడికి తెలుస్తుంది.

ఇక కుట్ర అన్న మాట. 2010 జనవరిలో ఒక టీవీ కథనం చూసి, మన వయసు కుర్రాళ్లే రోడ్డెక్కి ఒక కంపెనీ షాపులు పగలగొట్టారు. కేసులు వాళ్ల మీదా పడ్డాయి, కథనం వేసిన చానల్ వాళ్ల మీదా పడ్డాయి. ఇప్పటికీ ఆ కథ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. మీకు ఫార్వర్డ్ చేసినవాణ్ని ఒకటే అడగండి: అన్నా, ఆ రోజు మేఘం సంగతేంటి?