మనోవర్తి మీద పెరిగిన పిల్లలు

తండ్రి పోయిన పిల్లలు ఒకప్పుడు ఎలా పెరిగారో చూస్తే, తండ్రి లేని లోటుకంటే తల్లి చేతిలో చిల్లిగవ్వ లేకపోవడమే వాళ్లను ఎక్కువ దెబ్బతీసిందనిపిస్తుంది. 1937కు ముందు హిందూ ఉమ్మడి కుటుంబంలో మగవాడు చనిపోతే అతని వాటా కొడుకులకో, వాళ్లు లేకపోతే అన్నదమ్ములకో చేరేది. భార్యకు దక్కేది మనోవర్తి. కొడుకు మైనరైతే పెత్తనం పెదనాన్నదో బాబాయిదో. మళ్లీ పెళ్లికి దారి తెరిచిన 1856 వితంతు పునర్వివాహ చట్టమూ ఆ దారిలో ముళ్లు వదిలింది. పెళ్లాడితే మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోయేది. పైగా పిల్లలకు వేరే సంరక్షకుణ్ణి నియమించమని భర్త తరఫు మగ బంధువు ఎవరైనా కోర్టుకెక్కగలిగేవాడు. పిల్లలకు సొంత ఆస్తి చాలకపోతే మాత్రం, వాళ్ల పోషణకూ చదువుకూ హామీ ఇవ్వందే తల్లి ఇష్టం లేకుండా ఆ నియామకం కుదిరేది కాదు. ఆస్తి ఉన్న పిల్లల మీదే చుట్టాలకు ప్రేమ పొంగుతుందని చట్టం రాసినవాళ్లు ఎరుగుదురన్నమాట! 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం గురించి అందరం చదువుకున్నాం. ఆ ఉద్యమం చూపు ప్రధానంగా బాలవితంతువుల మీద. బిడ్డల తల్లికి మిగిలిన ప్రశ్న, పెళ్లా పిల్లలా అన్నదే.

ఉమ్మడి కుటుంబం, మేనమామలు ఆదుకోలేదా అంటారు. ఆదుకున్నారు, చాలామందిని. కానీ అది హక్కు కాదు, దయ. వంటింటి చాకిరీకి కట్టుబడిన తల్లిని చూస్తూ పెరిగిన పిల్లవాడికి తన చదువు ఎవరి మాట మీద నిలిచిందో తెలుస్తూనే ఉంటుంది. ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది: డబ్బున్నా ఒంటరి తల్లి పెంపకంలో కొరత తప్పదని. అమెరికాలో సారా మెక్‌లానహన్, గ్యారీ శాండెఫర్ 1994లో అచ్చువేసిన అధ్యయనం ఆ పిల్లల వెనుకబాటులో దాదాపు సగానికి తక్కువ ఆదాయమే కారణమని తేల్చింది. మిగతా సగంలో పర్యవేక్షణ తగ్గడం, తరచూ ఇళ్లు మారడం వంటివి ఉన్నాయి. కాబట్టి తండ్రి లోటు ఏమీ కాదనలేం. అయితే ఇళ్లు మారడమూ, పిల్లల్ని కనిపెట్టుకునే తీరిక లేకపోవడమూ చాలాసార్లు పేదరికం వెంట వచ్చేవే.

చట్టం నెమ్మదిగానే కదిలింది. 1937 చట్టం వితంతువుకు కొడుకుతో సమానంగా, బతికినంతకాలం అనుభవించే వాటా ఇచ్చింది. అది రాష్ట్రాల్లోని వ్యవసాయ భూమికి వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చడంతో, పొలమే ఆస్తి అయిన కుటుంబాల్లో ఆ వాటా కాగితం మీదే ఉండిపోయింది. మద్రాసు ప్రభుత్వం 1947లో గానీ దాన్ని పొలాలకు విస్తరించలేదు. 1956 వారసత్వ చట్టంతో సంపూర్ణ హక్కు వచ్చింది. అదే ఏడాది వచ్చిన మైనారిటీ, సంరక్షకత్వ చట్టం మాత్రం తండ్రినే ముందు నిలిపింది. భర్త పోయినావిడకు దానితో పేచీ లేదు. భర్త వదిలేసి పోయినావిడకే చిక్కు: అతను ఎక్కడో బతికే ఉన్నాడు గనుక, పిల్లల తరఫున ఆమె చేసే సంతకానికి ఎవరైనా అడ్డుచెప్పగలిగేవారు. తండ్రి బతికున్నా పిల్లల్ని పట్టించుకోకపోతే తల్లి సహజ సంరక్షకురాలు కాగలదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది 1999లో.