డీఓడీ 5015.2 ధ్రువీకరణ

డీఓడీ 5015.2 అనేది దస్త్రాల నిర్వహణ సాఫ్ట్‌వేర్‌కు ఉండాల్సిన కనీస లక్షణాలను నిర్దేశిస్తూ అమెరికా రక్షణ శాఖ రూపొందించిన ప్రమాణం. మొదటి ప్రతి 1997లో వెలువడింది. 2002, 2007లలో సవరణలు జరిగాయి. దీని సిద్ధాంత పునాదికి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకుల కృషి తోడ్పడింది.

పరీక్ష: సాఫ్ట్‌వేర్‌ను ఈ ప్రమాణం ప్రకారం పరీక్షించే బాధ్యతను రక్షణ శాఖకు చెందిన జాయింట్ ఇంటరాపరబిలిటీ టెస్ట్ కమాండ్ నిర్వహించేది. ఈ సంస్థ పరీక్షా కేంద్రం అరిజోనా రాష్ట్రంలోని ఫోర్ట్ వాచూకాలో ఉంది. సాఫ్ట్‌వేర్ ప్రతి తప్పనిసరి నిబంధననూ ఆచరణలో చేసి చూపాల్సి ఉండేది. దస్త్రాన్ని వర్గీకరించడం, ఈ-మెయిల్‌ను దస్త్రంగా భద్రపరచడం, గడువు తీరేవరకు మార్పులకు లోనుకాకుండా కాపాడడం, వ్యాజ్యం వంటి సందర్భాల్లో తొలగింపును నిలిపివేయడం, చివరికి తిరిగి రాబట్టలేనంతగా చెరిపివేయడం వీటిలో ముఖ్యమైనవి. రహస్య దస్త్రాలకు వేరే నిబంధనలు ఉండేవి.

ప్రభావం: అమెరికా జాతీయ పురాభిలేఖాగారం 1998లో ఈ ప్రమాణాన్ని ఆమోదించడంతో పౌర ప్రభుత్వ శాఖలకూ ఇది ఆధారమైంది. ఇదే కోవలో ఐరోపాలో 2001లో మోరెక్ అనే నమూనా నిబంధనావళి వచ్చింది.

పరిమితి: పరీక్షలో నెగ్గితే ఇచ్చే ధ్రువపత్రం సాఫ్ట్‌వేర్ సామర్థ్యానికే హామీగా ఉండేది. ఏ దస్త్రాన్ని ఎన్నేళ్లు ఉంచాలో కార్యాలయమే నిర్ణయించాలి, సిబ్బంది దాన్ని శ్రద్ధగా పాటించాలి. ప్రజలకు జవాబు చెప్పగల పాలనకు ఆ క్రమశిక్షణే అసలైన ఆధారం.