తీగ నుండి స్మృతికి

పూర్వము కార్యాలయమున ఉద్యోగి గది మారినను అతని టెలిఫోను నంబరు మారకుండవలెనన్న, పనివాడు ఎక్స్‌ఛేంజిలో తీగలు విప్పి మరల కలుపవలసియుండెను. 1960లో అమెరికాలోని మోరిస్ పట్టణమున బెల్ ప్రయోగశాలవారు ఏ నంబరు ఏ తీగదో తెలుపు వివరములను, పిలుపులను కలుపు ఆదేశములను ఫొటో పలకలపై చుక్కలుగా నిలిపి పరీక్షించిరి. ఇదియే యంత్రమునకు ‘స్మృతి’.

1963లో ఫ్లోరిడాలోని కోకో బీచిలో ఈ పద్ధతి కార్యాలయ టెలిఫోనులకు వచ్చెను. స్విచ్చి కార్యాలయమునను, ఆదేశములు గల నియంత్రణ యంత్రము టెలిఫోను కంపెనీ భవనమునను ఉండెను.

కాని స్మృతి చెరిగినచో టెలిఫోనులన్నియు మూగవోవును! అందుచే 1965లో న్యూజెర్సీలోని సుకసన్నా ఎక్స్‌ఛేంజిలో ఆదేశములను అల్యూమినియము రేకులపై చిన్న అయస్కాంతములుగా నిలిపిరి. యంత్రము వానిని చదువగలదు, చెరుపజాలదు.

నేడు నంబరు మార్పు కీబోర్డుపై జరుగుచున్నది. మార్పునకు ముందు పాత అమరికకు నకలు తీసి దాచుట ఆనాటి జాగ్రత్తయే.