పార్ (గోల్ఫ్)

గోల్ఫ్‌లో లెక్కంతా పార్ చుట్టూ తిరుగుతుంది. టీ (మొదటి షాట్ కొట్టే చోటు) నుంచి గుంత దాకా ఉండే ఒక హోల్‌ను నేర్పరి ఎన్ని షాట్లలో ముగించాలో చెప్పే అంకె ఇది: సాధారణంగా 3, 4 లేదా 5. గుంత చుట్టూ ఉండే గ్రీన్ మీద బంతిని దొర్లించే షాట్లు, అంటే పట్‌లు, రెండు పడతాయన్న అంచనా అందులోనే ఉంటుంది. 18 హోల్స్ కోర్సుకు మొత్తం పార్ తరచు 72. ఒకటి తగ్గితే బర్డీ, రెండు తగ్గితే ఈగిల్. ఒకటి పెరిగితే బోగీ, కొత్తవాళ్లకు అదేమీ నామోషీ కాదు. మూడు తగ్గితే ఆల్బట్రాస్. ఇది హోల్ ఇన్ వన్ (ఒకే షాట్‌లో గుంతలో వేయడం) కన్నా అరుదు. అలాంటిదే ఒకటి: 1935 మాస్టర్స్ టోర్నమెంట్ చివరి రౌండ్‌లో గోల్ఫర్ జీన్ సారజెన్, పార్ 5 అయిన 15వ హోల్‌లో రెండో షాట్‌కే, సుమారు 235 గజాల దూరం నుంచి బంతిని గుంతలో వేశాడు. దాంతో ముందంజలో ఉన్న క్రెయిగ్ వుడ్‌ను అందుకుని, మర్నాడు ప్లేఆఫ్‌లో గెలిచాడు.