నాణెం మీద రాజు ముఖం

బర్కత్‌పుర దాటి చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయానికి వెళ్లినా, ఇంకాస్త ముందుకు అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకు వెళ్లినా గ్రూప్స్ అభ్యర్థులందరికీ కంఠతా వచ్చిన బిట్ ఒకటుంది. ఆంధ్రులకు ప్రాకారాలున్న 30 నగరాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయన్నదెవరు? మెగస్తనీసు. మార్కు పడిపోతుంది. చరిత్ర మాత్రం అంత తేలిగ్గా మార్కు వేయదు. చంద్రగుప్త మౌర్యుడి కొలువుకు వచ్చిన ఆ గ్రీకు రాయబారి రాసిన ‘ఇండికా’ ఏనాడో నశించింది. ఈ లెక్క మనకు దొరుకుతున్నది క్రీ.శ. 77 ప్రాంతంలో రోమన్ రచయిత ప్లినీ లాటిన్‌లో రాసిన గ్రంథంలో. మెగస్తనీసు నుంచే తీసుకుని ఉంటాడని పండితుల ఊహ. నమ్మదగ్గదే, కానీ ఊహే.

గ్రీకులకూ మనకూ ఉన్న సంబంధాన్ని ఈ ఒక్క బిట్‌తో సరిపెట్టుకోవడం అన్యాయం. అలెగ్జాండర్ సైన్యం బియాస్ నది దగ్గరే వెనుదిరిగింది. దక్కనును గ్రీకులు ఎన్నడూ ఏలలేదు. అయినా వాళ్ల అలవాటొకటి శాతవాహనుల టంకశాలలోకి నడిచొచ్చింది. నాణెం మీద రాజు ముఖం అచ్చువేయడమే ఆ అలవాటు.

తమాషా ఏమిటంటే, గ్రీకులకు నాణెమూ సొంతం కాదు, అక్షరమూ సొంతం కాదు. అక్షరాలు ఫినీషియన్ వర్తకుల దగ్గర, నాణేలు ఆసియా మైనరులోని లిడియా రాజ్యం దగ్గర నేర్చారు. కానీ అరువు తెచ్చుకున్నదాన్ని ఉన్నదున్నట్టు ఉంచలేదు. ఫినీషియన్ లిపిలో హల్లులే ఉండేవి, అచ్చులకు గుర్తులు పెట్టింది గ్రీకులే. నాణెమూ అంతే. వాళ్లది ఒకే దేశం కాదు, పౌరులు తమ ఊరి పేరునే ఇంటిపేరులా మోసుకు తిరిగిన నగర రాజ్యాల గుంపు. ఏథెన్స్ వెండి నాణెం మీద ఒకవైపు ఎథీనా దేవత, రెండోవైపు ఆమె గుడ్లగూబ. ఆ వెండి లారియాన్ గనులది. గనుల్లో పనిచేసింది బానిసలు. ఏథెన్స్ ప్రజాస్వామ్యాన్ని పొగిడేటప్పుడు ఈ సంగతి మనం తరచూ మరిచిపోతాం. అక్కడి వెండితోనే ఓడలు కట్టి, క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియన్లను ఓడించారు. ఆ తర్వాతే పార్థెనాన్ లేచింది. సోఫోక్లిస్, యూరిపిడిస్ నాటకాలు ఆడింది కూడా ఆ శతాబ్దంలోనే. అంత వైభవంలోనూ బతికున్న మనిషి ముఖానికి ఆ నగరం నాణెం మీద చోటివ్వలేదు.

చోటు దొరికింది అలెగ్జాండర్ పోయాక. క్రీ.పూ. 323 తర్వాత అతని సేనాపతులు ఈజిప్టు, సిరియా పంచుకుని రాజులయ్యారు. నిన్నటిదాకా సేనాపతి, ఇవాళ రాజు అన్న సంగతి జనానికి తెలియాలి కదా! నాణేల మీదికి సొంత ముఖాలు ఎక్కించారు. బాక్ట్రియాలో స్థిరపడ్డ గ్రీకులు ఈ విద్యలో అందరినీ మించిపోయారు. హిందూకుష్‌కు ఇవతల ఏలిన మినాండర్ లాంటి గ్రీకు రాజులు ఒకవైపు గ్రీకు, మరోవైపు ఖరోష్ఠి లిపిలో ప్రాకృతం వేశారు. వాళ్ల తర్వాత పడమటి భారతాన్ని ఏలిన శక రాజులు, పశ్చిమ క్షత్రపులు, ముఖాన్నీ, దాని చుట్టూ గ్రీకు అక్షరాలనూ కొనసాగించారు.

ఆ క్షత్రపుల్లో ఒకడైన నహపానుణ్ని శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించాడు. అతని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో వేయించిన శాసనం కొడుకును శక, యవన, పహ్లవులను నాశనం చేసినవాడని కీర్తిస్తుంది. 1906లో నాసిక్ దగ్గరి జోగల్‌తంబిలో 13 వేలకు పైగా నహపానుడి వెండి నాణేలు బయటపడ్డాయి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్రుడు తన ముద్ర కొట్టించాడు. శత్రువు ముఖం మీద, ఆ గ్రీకు అక్షరాల మీద, చైత్యమూ ఉజ్జయిని గుర్తూ పడ్డాయి. విజయాన్ని ఇంతకన్నా చవకగా చాటిన రాజు మరొకడు లేడేమో.

అంత చేసి, ఆ పద్ధతినే తనూ ఎత్తుకున్నాడు. గౌతమీపుత్రుడు, పులుమావి, యజ్ఞశ్రీ తమ ముఖాలతో వెండి నాణేలు వేయించారు. తూకమూ క్షత్రపులదే. అయితే అవి ఎక్కువగా చెలామణి అయింది పడమటి దక్కనులో, ముఖమున్న నాణేన్ని నమ్మడం అలవాటైన వర్తకుల మధ్య. మన కోటిలింగాల, పెద్దబంకూరు, కొండాపూర్‌లలో దొరికేవి చాలావరకు సీసం, పోటిన్ అనే మిశ్రమ లోహపు నాణేలు, వాటి మీద ఏనుగు, చైత్యం వంటి బొమ్మలు. కోస్తాలోనైతే తెరచాప కొయ్యలున్న ఓడ. ఎవరికి ఏది చెల్లుతుందో శాతవాహనులకు బాగా తెలుసు.

ఆ ఓడ ఊరికే రాలేదు. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో గ్రీకులో రాసిన నావికుల కరదీపిక ‘పెరిప్లస్’ మసాలియా తీరంలో సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని చెబుతుంది. ఆ మసాలియా మన కృష్ణా తీరమే. క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియా పండితుడు టాలెమీ ఆ తీరంలో కంటకోస్సుల అనే రేవును గుర్తించాడు. అదే నేటి ఘంటసాల. పైఠాన్‌లో పులుమావి ఏలుతున్నాడని కూడా రాశాడు, శాతవాహనుల కాలనిర్ణయానికి ఆ ఒక్క వాక్యం ఎంతో సాయం చేసింది. నాగార్జునకొండ శిల్పాల్లో కొమ్ముపాత్ర పట్టుకున్న గడ్డం మనిషి, గ్రీకుల మద్యదేవుడు డయోనిసస్‌ను పోలినవాడు, బహుశా ఇలాంటి ఓడల వెంటే వచ్చాడు.

గ్రీకు రాజుల రెండు భాషల అలవాటు కూడా శాతవాహనుల వెండి నాణేల్లో కనిపిస్తుంది. ఒకవైపు ప్రాకృతం, రెండోవైపు ఒక ద్రావిడ భాష. అది తొలి తమిళమని కొందరు, తెలుగుకు దగ్గరిదని మరికొందరు వాదిస్తున్నారు, ఆ వాదం ఇప్పటికీ తెగలేదు.